ఫోన్‌లో ఫొటోలు సరిచేయడానికి ఉచిత యాప్ ఎంచుకోవడం ఎలా: స్టోర్ పేజీ నుంచి సేవ్ బటన్ దాకా

మా తాతయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని నవ్వుతున్న ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఉండేది. వెనక వెలుతురు ఎక్కువై ముఖం నల్లగా పడింది. అప్పట్లో చేతికందిన ఏదో ఉచిత యాప్‌లో ముఖం మీద వెలుగు పెంచాను. స్క్రీన్ మీద చాలా బాగా వచ్చింది. ఫోన్‌లో చోటు చాలడం లేదని అసలు ఫొటో తీసేశాను. ఏడాది తర్వాత, ఆయన పోయాక, దాన్ని పెద్దగా ప్రింట్ చేయించి ఫ్రేమ్ కట్టించాలనుకున్నాం. ఫైలు వివరాలు చూస్తే వెడల్పు 1080 పిక్సెల్స్, అంటే ఫొటోలోని రంగు చుక్కలు. కెమెరా తీసినప్పుడు అది 3000. యాప్ ఒక్క మాటైనా చెప్పకుండా ఫొటోని కుదించి సేవ్ చేసింది. ఆ ఫైలు అరచేతి సైజు ప్రింట్‌కి తప్ప పనికిరాలేదు.

అందుకే ఏ యాప్ మంచిదని ఎవరైనా అడిగితే నేను ఫిల్టర్ల దగ్గర మొదలుపెట్టను. సేవ్ నొక్కాక మీ చేతికి ఏమొస్తుందో చూసుకోండి అంటాను. యాప్ ఎంత అందంగా ఉన్నా, ఎన్ని బటన్లున్నా, చివరికి మీకు మిగిలేది ఆ ఫైలే. ఈ మార్గదర్శి అంతా ఆ ఫైలు చుట్టూనే తిరుగుతుంది. కింద చెప్పిన వరుసలో చేసుకుంటూ వెళితే ఒక గంటలో మీకు సరిపడే యాప్ తేలిపోతుంది.

1. ఫోన్‌లో ఇప్పటికే ఉన్నదాన్ని ముందు వాడి చూడండి

కొత్త యాప్ కోసం స్టోర్‌కి వెళ్లేముందు, ఫోన్‌తో వచ్చిన ఫొటోల యాప్‌లోనే ఎడిట్ బటన్ నొక్కండి. క్రాప్ చేయడం, వంగిన ఫొటోని నిలబెట్టడం, వెలుతురు, కాంట్రాస్ట్, రంగుల వెచ్చదనం, నీడల్ని తేలిక చేయడం లాంటివన్నీ అక్కడే ఉంటాయి. మామూలుగా ఫొటోలకి మనం చేసే పనుల్లో ఎక్కువ భాగం ఇవే.

ఐఫోన్ ఫొటోస్ యాప్‌లో ఇంకో మంచి గుణం ఉంది. మీరెన్ని మార్పులు చేసినా అసలు ఫొటో అడుగున భద్రంగా ఉంటుంది. ఎడిట్‌లోకి వెళ్లి రివర్ట్ నొక్కితే ఏడాది తర్వాతైనా మొదటి రూపం తిరిగొస్తుంది. ఫొటోలో మనిషి మీదో వస్తువు మీదో వేలు కాసేపు నొక్కి ఉంచితే వెనకున్న బ్యాక్‌గ్రౌండ్ లేకుండా ఆ బొమ్మ ఒక్కటే విడిగా వచ్చేస్తుంది. ఇది 2022లో వచ్చిన ఐఓఎస్ 16తో మొదలైంది. ఇది తెలియక బ్యాక్‌గ్రౌండ్ తీయడానికి వేరే యాప్ వేసుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఆండ్రాయిడ్ వాడేవారికి గూగుల్ ఫొటోస్ ఉంది. ఫొటోలో అడ్డొచ్చిన వస్తువుని చెరిపేసే మ్యాజిక్ ఎరేజర్ మొదట్లో గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లకీ డబ్బు కట్టేవారికీ మాత్రమే ఉండేది. 2024 మే 15 నుంచి దాన్ని మామూలు వినియోగదారులకీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మసకబారిన ఫొటోని కాస్త స్పష్టం చేసే ఫొటో అన్‌బ్లర్ కూడా ఆ జాబితాలోదే. గూగుల్ ఫొటోస్‌లో ఎడిట్ చేసినప్పుడు కాపీగా సేవ్ చేసే అవకాశం కనిపిస్తే అదే ఎంచుకోండి. అసలు ఫొటో, మార్చిన ఫొటో విడివిడిగా ఉంటాయి.

ఇక్కడే పని జరిగిపోతే ఇక ముందుకెళ్లాల్సిన అవసరం లేదు. జరగకపోతే ఏ పని జరగలేదో గుర్తుపెట్టుకోండి. తర్వాతి అడుగు దాని మీదే ఆధారపడుతుంది.

2. మీకు కావలసిన పనేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి

"మంచి ఫొటో ఎడిటింగ్ యాప్" అని వెతికితే స్టోర్ వందల పేర్లు చూపిస్తుంది, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. "నల్లగా పడిన ముఖాన్ని మాత్రమే వెలుగులోకి తేవాలి", "ఫొటో మీద అక్షరాలు రాయాలి" అని పని పేరు రాసుకుంటే పోటీలో రెండో మూడో యాప్‌లు మిగులుతాయి.

*వెలుతురు, రంగులు సరిచేయడం.* ఇదే అసలైన ఫొటో ఎడిటింగ్. దీనికి నేను మొదట చెప్పే పేరు స్నాప్‌సీడ్. నిక్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2011లో దీన్ని ఐప్యాడ్ కోసం తయారుచేసింది. అప్పట్లో డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన యాప్ ఇది. 2012లో గూగుల్ ఆ సంస్థని కొన్నాక ఆండ్రాయిడ్‌కి కూడా తెచ్చి, పూర్తిగా ఉచితం చేసింది. ప్రకటనలు లేవు, ఫొటో మీద యాప్ పేరు ముద్ర (వాటర్‌మార్క్) లేదు, లాగిన్ అడగదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

స్నాప్‌సీడ్‌లో రెండు విషయాలు కొత్తవారు తరచూ వదిలేస్తారు. మొదటిది సెలెక్టివ్ అనే పరికరం. ముఖం మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధిని పెంచో తగ్గించో, ఆ భాగానికే వెలుతురు పెంచవచ్చు. ఆ చుక్క కింద ఉన్న రంగుని పోలిన భాగాల మీదే ప్రభావం ఎక్కువగా పడుతుంది కాబట్టి వెనక గోడ తెల్లబారిపోదు. తాతయ్య ఫొటోకి నాకు కావలసింది ఇదే. రెండోది వ్యూ ఎడిట్స్. మీరు చేసిన ప్రతి మార్పూ ఒకదాని మీద ఒకటి పొరలుగా నిలిచి ఉంటుంది. మూడో మార్పు ఎక్కువైందనిపిస్తే మిగతావి చెరపకుండా దాన్ని మాత్రమే తెరిచి తగ్గించవచ్చు, లేదా బ్రష్‌తో కావలసిన చోట మాత్రమే ఆ మార్పు కనిపించేలా గీయవచ్చు. ఉచిత యాప్‌లలో ఇంత నిజాయితీగా పనిచేసేది చాలా అరుదు. హెచ్‌డీఆర్ స్కేప్ అనేది మాత్రం జాగ్రత్తగా వాడండి. పూర్తిగా లాగితే ముఖాల మీద ముడతలు పెరిగి, అంచుల వెంట వెలుగు చారలు వస్తాయి.

రెండో పేరు అడోబీ లైట్‌రూమ్. రంగుల మీద పట్టు విషయంలో ఇది స్నాప్‌సీడ్‌కన్నా లోతైనది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ లాంటి ఒక్కొక్క రంగునీ విడిగా తీసుకుని దాని ఛాయ, గాఢత, వెలుగు మార్చవచ్చు. అసలు ఫొటోని ముట్టుకోదు, మార్పుల్ని విడిగా గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఖాతా తెరవాలి. ముఖాన్నో ఆకాశాన్నో విడిగా ఎంచుకునే మాస్కింగ్, బయటి కెమెరాతో తీసిన రా ఫైళ్ల (కెమెరా కుదించకుండా ఇచ్చే ముడి ఫైళ్ల) ఎడిటింగ్ లాంటివి డబ్బు కట్టినవారికే. అందువల్ల ఉచితంగా వాడేవారికి నా సలహా ఏమిటంటే, మొత్తం ఫొటో రంగులు మార్చాలంటే లైట్‌రూమ్, ఫొటోలో ఒక భాగం మాత్రమే మార్చాలంటే స్నాప్‌సీడ్.

*రా ఫైళ్లు.* మీ ఫోన్ కెమెరాలో డీఎన్‌జీ అనే రా ఫైలు రూపంలో తీసే సౌకర్యం ఉంటే, స్నాప్‌సీడ్ వాటిని ఉచితంగా తెరుస్తుంది. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. రా ఫైల్లో వేలల్లో ఉంటాయి కాబట్టి చీకటి భాగాల్ని పైకి లాగినప్పుడు వివరాలు బతికే ఉంటాయి. ఇవి మామూలు ఫొటోలకన్నా చాలా పెద్ద ఫైళ్లు. రోజూ తీసే ప్రతి ఫొటోకీ అవసరం లేదు.

*అక్షరాలు, పోస్టర్లు, కొలాజ్‌లు.* కాన్వా, పిక్స్‌ఆర్ట్ ఈ కోవలోకి వస్తాయి. నిజానికి ఇవి డిజైన్ పనిముట్లు, ఫొటో సరిచేయడం వీటికి అదనపు పని. రెండింటిలోనూ ఉచిత బొమ్మల మధ్యే డబ్బు కట్టాల్సినవీ కలిసి ఉంటాయి. పోస్టర్ అంతా తయారుచేశాక ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోవడం చాలా చిరాకు. కాబట్టి మొదటి నుంచీ బొమ్మ పక్కన కిరీటం లాంటి గుర్తుందేమో చూస్తూ పనిచేయండి. కాన్వాలో బ్యాక్‌గ్రౌండ్ తీసే బటన్ కూడా డబ్బు కట్టినవారికే.

తెలుగులో రాయాలనుకుంటే ఇంకో పరీక్ష తప్పనిసరి. "స్త్రీ", "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అనే మూడు మాటలు టైప్ చేసి చూడండి. వత్తులు విడిపోయి పక్కన పడితే ఆ యాప్‌కి తెలుగు లిపి పేర్చడం రాదన్నట్టే, ఫాంట్ మార్చినా చాలాసార్లు ఫలితం ఉండదు. మాటలు సరిగ్గా వచ్చి అందం చాలలేదనిపిస్తే అప్పుడు ఫాంట్ గురించి ఆలోచించవచ్చు. మండలి, రామభద్ర, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన సొంత ఫాంట్ జోడించుకోనిచ్చే యాప్ అయితే సరిపోతుంది.

*పొరలతో పెద్ద పని.* ఫొటోషాప్ ఫైలు తెరవాల్సి వచ్చినా, నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేయాల్సి వచ్చినా, యాప్ కూడా అక్కర్లేదు. ఫొటోపీ అనే సైట్ ఫోన్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. పని అంతా మీ ఫోన్‌లోనే జరుగుతుంది, ఫొటో వేరే సర్వర్‌కి వెళ్లదు. చిన్న తెర మీద బటన్లు ఇరుకుగా ఉంటాయి, ప్రకటనలూ ఉంటాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే పనికి ఓపిక పట్టవచ్చు.

3. స్టోర్ పేజీని నిదానంగా చదవండి

ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందు రెండు నిమిషాలు పేజీ చదివితే సగం చెత్త అక్కడే తేలిపోతుంది.

యాప్ పేరు కింద తయారీదారు పేరు ఉంటుంది. పేరున్న యాప్‌లకి అచ్చం అలాంటి పేరు, అలాంటి బొమ్మతో నకళ్లు ఉంటాయి కాబట్టి మొదట చూడాల్సింది అదే. ఆ పేరు నొక్కితే వాళ్లు చేసిన మిగతా యాప్‌లు కనిపిస్తాయి. ఫొటో యాప్ పక్కన టార్చిలైట్, ఫోన్ క్లీనర్, వాల్‌పేపర్ యాప్‌లు డజను ఉన్నాయంటే నేను వెనక్కి వచ్చేస్తాను. వాళ్లకి ఫొటోల మీద శ్రద్ధ ఉందని నమ్మడం కష్టం.

ప్లే స్టోర్‌లో ప్రకటనలు ఉన్నాయా, యాప్ లోపల కొనుగోళ్లు ఉన్నాయా అన్నది ఇన్‌స్టాల్ బటన్ దగ్గరే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొనుగోళ్లు ఉండటం తప్పేం కాదు, లైట్‌రూమ్‌లోనూ ఉన్నాయి. ఏది ఉచితం, ఏది కాదు అన్నది ముందే స్పష్టంగా చెప్పారా లేదా అన్నదే ముఖ్యం.

రేటింగ్ సంఖ్యని పట్టించుకోకండి. రివ్యూలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, ఒకటి నుంచి మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలు పది చదవండి. "సేవ్ కావడం లేదు", "ట్రయల్ ఆపినా డబ్బు కట్ అయింది", "నిన్నటిదాకా ఉచితంగా ఉన్నది ఈ రోజు లాక్ అయింది" అనే ఫిర్యాదు మళ్లీమళ్లీ కనిపిస్తే అది నిజమే.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే, ఫొటో యాప్‌ల వేషంలో మోసాలు స్టోర్‌లోపలికే వచ్చిన చరిత్ర ఉంది. 2019 జనవరిలో ట్రెండ్ మైక్రో అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు ప్లే స్టోర్‌లో 29 బ్యూటీ కెమెరా, ఫొటో యాప్‌ల గుట్టు బయటపెట్టారు. వాటిలో కొన్ని లక్షలసార్లు డౌన్‌లోడ్ అయ్యాయి. కొన్ని అశ్లీల ప్రకటనలు తెర నిండా చూపించేవి. కొన్నయితే ఫొటోని అందంగా మారుస్తామని చెప్పి తమ సర్వర్‌కి ఎక్కించుకుని, బదులుగా అప్‌డేట్ చేయమనే దొంగ సందేశం చూపించేవి. తీసేయడానికి వీల్లేకుండా తమ బొమ్మని యాప్‌ల జాబితాలోంచి దాచుకునేవి కూడా ఉన్నాయి. 2022 మార్చిలో ఇంకొకటి బయటపడింది. ఫొటోని కార్టూన్‌గా మారుస్తామనే క్రాఫ్ట్‌సార్ట్ కార్టూన్ ఫొటో టూల్స్ అనే యాప్, తెరవగానే ఫేస్‌బుక్ లాగిన్ అడిగి పాస్‌వర్డ్ కాజేసేది. లక్షకు పైగా ఫోన్లలోకి వెళ్లాక గానీ దాన్ని తొలగించలేదు. ఒక ఫొటోని కార్టూన్ చేయడానికి ఫేస్‌బుక్ లాగిన్ ఎందుకు కావాలి? ఈ ప్రశ్న వేసుకున్నవారు తప్పించుకుని ఉంటారు.

స్టోర్ బయట దొరికే, "ప్రో ఫీచర్లన్నీ ఉచితం" అనే మార్చిన ఏపీకే ఫైళ్ల (ఆండ్రాయిడ్ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ల) జోలికి అసలు వెళ్లకండి. అందులో ఇంకేం కలిపారో మీకు తెలిసే దారి లేదు.

4. అనుమతులు: ఒక్క ఫొటో ఇస్తే చాలు

యాప్ మొదటిసారి తెరవగానే ఫొటోలు చూడటానికి అనుమతి అడుగుతుంది. మొత్తం గ్యాలరీ ఇవ్వాల్సిన పని లేదు. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 14వ వెర్షన్ నుంచి "ఎంచుకున్న ఫొటోలు మాత్రమే" అనే అవకాశం ఉంది. దాన్నే నొక్కండి. కొత్త ఫొటో ఎడిట్ చేయాల్సినప్పుడల్లా దాన్ని ఆ జాబితాలో చేర్చాలి. కాస్త శ్రమే, కానీ గ్యాలరీలో ఉన్న బ్యాంకు కాగితాలు, పిల్లల ఫొటోలు ఆ యాప్ కంటపడకుండా ఉండటానికి ఆ శ్రమ పడవచ్చు.

కాంటాక్టులు, కాల్ వివరాలు, మెసేజ్‌లు అడిగితే అక్కడికక్కడే తీసేయండి. ఫొటో ఎడిట్ చేయడానికి వాటితో పనేమీ లేదు. లొకేషన్ కూడా అక్కర్లేదు.

మన ఫొటోలతో ఎవరికి ఏం పని అనిపించవచ్చు. అమెరికాలో ఎవర్ అనే ఫొటోల యాప్ ఉండేది. జనం దాచుకున్న ఫొటోలని వాడి ఆ సంస్థ ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసుకుంది. ఖాతా మూసేసినవారి ఫొటోలు కూడా తొలగించకుండా ఉంచుకుందని వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2021 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఫొటోలతో పాటు వాటితో తయారైన, ముఖాలు గుర్తుపట్టే ఏఐ మోడళ్లని కూడా చెరిపేయాల్సి వచ్చింది. అందుకే ముఖాన్ని ముసలిగా, చిన్నపిల్లగా, బొమ్మగా మార్చే ఏఐ యాప్‌లలో నా పిల్లల ఫొటోలు నేను పెట్టను.

ఏ పరికరం ఫోన్‌లోనే పనిచేస్తుంది, ఏది ఫొటోని బయటికి పంపుతుంది అన్నది తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆపేసి ఆ బటన్ నొక్కండి. పని జరిగితే అది ఫోన్‌లోనే జరిగింది. నెట్ కావాలని అడిగితే ఆ పనికి మీ ఫొటో వేరే చోటికి వెళ్తోందని అనుకోవచ్చు.

5. మూడు ఫొటోలతో పరీక్ష పెట్టండి

యాప్‌తో వచ్చే నమూనా ఫొటోలు ఏం చేసినా అందంగానే ఉంటాయి. మీ ఫొటోలతో చూడండి. మూడు చాలు. ఒకటి వెనక వెలుతురుండి ముఖం నల్లబడినది. రెండోది రాత్రి లైట్ల కింద తీసిన, పసుపు ఛాయ ఎక్కువైన ఫొటో. మూడోది నిలువు గీతలున్న భవనం ముందు నలుగురు నిలబడిన ఫొటో. చాట్‌లో ఎవరో పంపినవి వద్దు, అవి అప్పటికే కుదించి ఉంటాయి. కెమెరా తీసిన అసలు ఫైళ్లే తీసుకోండి.

మొదటి ఫొటోలో నీడల్ని పెంచండి. తర్వాత రెండు వేళ్లతో దగ్గరికి లాగి బుగ్గ, జుట్టు అంచు చూడండి. జుట్టు చుట్టూ తెల్లటి గీత వచ్చిందా? చర్మం మైనం పూసినట్టుందా? మంచి యాప్‌లో వెలుగు పెరిగినా చర్మం చర్మంలాగే ఉంటుంది. బ్యూటీ యాప్‌లు చాలావరకు మీరు అడగకపోయినా చర్మాన్ని నున్నగా చేసేస్తాయి. ఆ అలవాటుని ఆపే బటన్ లేకపోతే ఆ యాప్ నాకొద్దు. మనిషి ముఖం మనిషిలా ఉండాలి.

రెండో దానిలో వైట్ బ్యాలెన్స్ చూడండి. తెల్లగా ఉండాల్సిన వస్తువు మీద వేలు పెట్టి "ఇది తెలుపు" అని చెప్పే పిక్కర్ ఉంటే మేలు. లేకపోతే వెచ్చదనం, చల్లదనం మార్చే స్లైడర్‌తో పాటు ఆకుపచ్చ, ఊదా రంగుల మధ్య జరిగే టింట్ స్లైడర్ కూడా ఉందేమో చూడండి. ట్యూబ్‌లైట్ కింద వచ్చే ఆకుపచ్చ ఛాయ మొదటి స్లైడర్‌తో పోదు, రెండోది కావాలి.

మూడో దానిలో పర్‌స్పెక్టివ్ సరిచేసి గోడల్ని నిలువుగా నిలబెట్టండి, దూరంగా ఉన్న ఒక చిన్న వస్తువుని చెరపండి. చెరిపిన చోట గీతలు అతుకు పడకుండా కలిశాయా లేదా దగ్గరికి లాగి చూడాలి. పెద్ద వస్తువుని, ముఖ్యంగా మనిషి చేతికి తగిలి ఉన్నదాన్ని, శుభ్రంగా చెరపడం ఏ యాప్‌కైనా కష్టమే. దాని ఆధారంగా మంచి యాప్‌ని వదులుకోకండి.

ఈ పని చేస్తున్నంతసేపూ ఇంకో సంగతి గమనించండి. ఒక అడుగు వెనక్కి వెళ్లడానికి ఎన్నిసార్లు నొక్కాల్సి వచ్చింది, వేలు నొక్కి ఉంచితే పాత ఫొటో కనిపిస్తోందా, ఎన్ని ప్రకటనలు దాటారు. మూడు ఫొటోలకే విసుగొచ్చిన యాప్‌ని మీరు ముప్పయ్యో ఫొటో దాకా వాడరు.

6. సేవ్ చేసి, ఫైలుని విప్పి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ అడుగు. ఫొటోని సేవ్ చేసి గ్యాలరీలో తెరిచి పైకి జరపండి. ఐఫోన్ ఫొటోస్‌లోనూ గూగుల్ ఫొటోస్‌లోనూ అలా చేస్తే వివరాలు కనిపిస్తాయి. అసలు ఫొటో వివరాలు పక్కన పెట్టుకుని పోల్చండి.

మొదట కొలతలు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో సుమారు 4000 నిలువు, 3000 అడ్డం పిక్సెల్స్ ఉంటుంది. మీరు క్రాప్ చేయకపోతే సేవ్ చేసిన దానిలోనూ అవే సంఖ్యలు రావాలి. 1080, 1440 అని వస్తే యాప్ కుదించిందన్నమాట. అలా ఎనిమిదో వంతు పిక్సెల్స్ మాత్రమే మిగులుతాయి.

ప్రింట్ లెక్క తెలిస్తే ఇది ఎంత నష్టమో అర్థమవుతుంది. చక్కటి ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. 4×6 అంగుళాల ఫొటోకి 1200×1800 పిక్సెల్స్, 8×10 అంగుళాలకి 2400×3000. వెడల్పు 1080 ఉన్న ఫైలు 3.6 అంగుళాలు దాటితే పలచబడటం మొదలవుతుంది. ఫోన్ తెర మీద మాత్రం ఈ తేడా ఏమీ తెలియదు. అందుకే నాకు ఏడాది దాకా తెలియలేదు.

తర్వాత ఫైలు బరువు. అసలు ఫొటో 4 ఎంబీ ఉండి, మార్చినది అర ఎంబీకి వచ్చిందంటే, కొలతలు సరిగ్గా ఉన్నా వివరాలు పోయినట్టే. ఇలా కనిపిస్తే యాప్‌ని వెంటనే కొట్టిపారేయకండి, ముందు సెట్టింగ్స్ చూడండి. ఉదాహరణకి స్నాప్‌సీడ్ సెట్టింగ్స్‌లో ఎగుమతి సైజు, నాణ్యత ఎంచుకునే చోటు ఉంది. సైజు మార్చవద్దు అన్నది పెట్టి, నాణ్యత 95 శాతమో అంతకన్నా పైనో ఉంచండి. కొన్ని యాప్‌లలో పూర్తి సైజు సేవ్ కోసం డబ్బు అడుగుతారు. అలాంటిది అసలు ఉచిత యాప్ కాదు, రుచి చూపించి ఆపేసే యాప్.

మూలల్లో వాటర్‌మార్క్ వెతకండి. కొన్నిసార్లు ఎడిట్ చేస్తున్నప్పుడు కనిపించదు, సేవ్ అయ్యాక వస్తుంది.

చివరగా తేదీ. కొన్ని యాప్‌లు ఫొటో తీసిన తేదీని చెరిపేసి ఈ రోజు తేదీ వేస్తాయి. నాలుగేళ్ల కిందటి ఫొటో గ్యాలరీలో ఈ రోజు వరసలోకి వచ్చి పడుతుంది. ఒక్క ఫొటోకైతే ఫర్వాలేదు గానీ, పాత ఆల్బమ్ అంతా సరిచేద్దామని కూర్చున్నవారికి ఇది పెద్ద తలనొప్పి. ఫొటో వివరాల్లో తీసిన చోటు కూడా ఉంటుంది. బయట అందరికీ కనిపించేలా పెట్టే ఫొటో అయితే పంపేముందు దాన్ని తీసేయడం మంచిది.

7. "మూడు రోజులు ఉచితం" కనిపించినప్పుడు

చాలా యాప్‌లు తెరవగానే ట్రయల్ తెర చూపిస్తాయి. మూల మీద లేత రంగులో చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది, కొన్నిసార్లు రెండు మూడు సెకన్ల తర్వాత గానీ కనబడదు. ఓపిగ్గా ఆగి దాన్ని నొక్కండి. అది లేకుండా ముందుకు పోనివ్వని యాప్‌ని తీసేయండి.

ఒకవేళ ట్రయల్ మొదలుపెట్టి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి మీ పేరు నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి, ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. ఆపిల్ దగ్గర గడువుకి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలన్నది నియమం, చివరి రోజు దాకా ఆగకండి.

8. ఒకటే ఉంచుకుని, మిగతావి పద్ధతిగా తీసేయండి

పరీక్షలో నెగ్గిన యాప్ ఒక్కటి ఉంచుకోండి. పని పూర్తిగా వేరైతే రెండోది. ఒక యాప్‌లో వెలుతురు, ఇంకో దానిలో రంగు, మూడో దానిలో ఫ్రేమ్ అని తిప్పితే ఫొటో ప్రతిసారీ కొత్తగా జేపెగ్‌గా సేవ్ అవుతుంది, ప్రతి సేవ్‌లోనూ కొంత వివరం పోతుంది. ఆకాశం మెట్లు మెట్లుగా, అక్షరాల అంచులు గీరుకుపోయినట్టు కనిపిస్తే కారణం అదే. మధ్యలో రెండో యాప్‌కి పంపక తప్పకపోతే, ఆ ఒక్కసారికి పీఎన్‌జీ రూపంలో సేవ్ చేసి పంపండి. ఫైలు పెద్దదవుతుంది గానీ నాణ్యత తగ్గదు.

అసలు ఫొటోని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. చోటు చాలకపోతే కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో మార్చుకోండి.

వద్దనుకున్న యాప్‌లని తీసేసే ముందు ఒక్క పని చేయాలి. వాటిలో ఖాతా తెరిచి ఉంటే, యాప్ లోపలి సెట్టింగ్స్‌లో ఖాతా తొలగించే బటన్ వెతికి దాన్ని నొక్కండి. ఖాతా తెరవనిచ్చే యాప్‌లన్నీ లోపలే ఈ సౌకర్యం ఇవ్వాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. ముందే యాప్ తీసేస్తే మీ ఫొటోలు వాళ్ల సర్వర్లలో ఉండిపోవచ్చు. ఖాతా పోయిందని సందేశం వచ్చాక, సబ్‌స్క్రిప్షన్ల జాబితాలో ఆ పేరు లేదని ఒకసారి చూసుకుని, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి.